టూ-స్ట్రోక్ డర్ట్ బైకులో పట్టేసిన పవర్ వాల్వును విడిపించడం, మళ్లీ పట్టేయకుండా చూసుకోవడం

ప్లగ్గు మార్చి, ఎయిర్ ఫిల్టరు కడిగి, కార్బురేటర్‌ను రెండుసార్లు విప్పి జెట్లు ఊదిన తరువాత కూడా బండి సగం వేగం దాకా హాయిగా లాగి, ఆ పైన గొంతు పట్టేసినట్టు ఆగిపోతుంటే, మీరు చూడవలసిన చోటు ఇంకొకటి మిగిలి ఉంది. అది సిలిండరు ముందుభాగంలో, ఎగ్జాస్ట్ పోర్టు మీద కూర్చుని ఉండే పవర్ వాల్వు. మసీ జిడ్డూ పేరుకుని ఇది పట్టేయడం టూ-స్ట్రోక్ బండ్లలో మామూలు సంగతే. విడిపించడం కూడా పెద్ద విద్యేమీ కాదు, అయితే తొందరపడి స్క్రూడ్రైవరుతో పొడిస్తే వాల్వుతో పోయేది సిలిండరు దాకా వస్తుంది కనుక, ఈ పనిలో చేతి బలం కంటే నానబెట్టే ఓపికే ఎక్కువ అక్కరకు వస్తుందని ముందే మనసులో పెట్టుకోండి.

వాల్వు చేసే పని తెలిస్తే లక్షణాలు వాటంతట అవే అర్థమవుతాయి. టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ పోర్టు అంటే సిలిండరు గోడకున్న కిటికీ. దాని పై అంచు ఎంత ఎత్తున ఉంటే, పిస్టన్ కిందికి దిగేటప్పుడు అది అంత ముందుగా తెరుచుకుంటుంది. ఇంజిన్ వేగంగా తిరుగుతున్నప్పుడు పోర్టు ముందుగా తెరుచుకోవడం లాభం. నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు అదే నష్టం, ఎందుకంటే పిస్టన్‌ను ఇంకా నెట్టగలిగిన ఒత్తిడి ముందే బయటికి పోతుంది. అందుకని పోర్టు పై అంచును అవసరాన్నిబట్టి దించి ఎత్తే ఒక లోహపు ముక్కను అమర్చారు. యమహా 1970ల చివర్లో తన రేసు బండ్లలో దీన్ని వైపీవీఎస్ (యమహా పవర్ వాల్వ్ సిస్టమ్) పేరుతో వాడింది. కవాసాకి కిప్స్ అన్నా, సుజుకి ఏఈటీసీ అన్నా, కేటీఎం టీవీసీ అన్నా మూలసూత్రం ఒక్కటే. కొన్నింటిలో అది పైకీ కిందికీ జారే పలక, కొన్నింటిలో ఇరుసు మీద ఊగే రెక్క, మరికొన్నింటిలో తిరిగే డ్రమ్ము. ప్రధాన పోర్టుకు పలకో రెక్కో, పక్క పోర్టులకు డ్రమ్ములూ కలిపి పెట్టిన ఇంజిన్లూ ఉన్నాయి. చాలా డర్ట్ బైకుల్లో దీన్ని కదిలించేది క్రాంకుతో పాటు తిరిగే గవర్నరు: వేగం పెరిగేకొద్దీ అందులోని ఉక్కు గోళీలు అంచుల వైపు విసురుకుని స్ప్రింగును నొక్కుతాయి, ఆ కదలిక ఒక లివరు ద్వారా వాల్వుకు చేరుతుంది. ఇటీవలి కొన్ని మోడళ్లలో గవర్నరు స్థానంలో చిన్న విద్యుత్ మోటారు వచ్చింది.

పట్టేసిందని తేల్చుకోవడం

మూసిన స్థితిలో, అంటే పోర్టు పై అంచు దిగి ఉండగా పట్టేస్తే కింది వేగంలో పికప్ బాగానే ఉంటుంది, పై వేగంలో బండి ఊపిరాడనట్టు నీరసిస్తుంది. తెరిచిన స్థితిలో పట్టేస్తే దీనికి తారుమారు: కింద అసలు సత్తువ ఉండదు, ఒక చోటికి వచ్చాక ఒక్కసారిగా లంఘిస్తుంది. సగంలో పట్టేసిన వాల్వు మాత్రం మనిషిని బాగా తిప్పలు పెడుతుంది; బండి అంతటా కొంచెం కొంచెం మందంగా ఉంటుందే తప్ప ఎక్కడా స్పష్టంగా దొరకదు, యజమానికి అది క్రమంగా అలవాటై కూడా పోతుంది.

అనుమానాన్ని ఖాయం చేసుకునేందుకు సిలిండరు పక్కన వాల్వు ఇరుసు చివర ఉండే చిన్న మూతను విప్పి చూడండి. ఇంజిన్‌ను బాగా వేడెక్కనిచ్చి, రెండు మూడు సార్లు మాత్రం యాక్సిలరేటర్‌ను చటుక్కున తిప్పి వదిలితే ఇరుసు తిరిగి మళ్లీ తన స్థానానికి రావాలి. చల్లని ఇంజిన్‌ను ఇలా తిప్పకండి. ఇరుసు తిరుగుతోంది కదా అని వాల్వు కూడా కదులుతోందని అనుకోవడానికి లేదు: ఇరుసుకూ డ్రమ్ముకూ మధ్య ఉండే చిన్న పిన్ను విరిగితే బయట అంతా సవ్యంగానే కనిపిస్తుంది. అందువల్ల ఇంజిన్ ఆపి, చల్లారాక, ఎగ్జాస్ట్ గొట్టం విప్పి, టార్చి వెలుగులో పోర్టులోకి చూస్తూ ఇరుసును చేత్తో తిప్పి చూడటమే నమ్మదగిన పరీక్ష. గవర్నరుతో కలిపే లింకును ముందే విడదీయండి. లేకపోతే మీ వేలికి తగిలే బిగువు వాల్వుదో స్ప్రింగుదో తెలియదు. లింకు విడదీసిన తరువాత బాగున్న వాల్వు ఒక్క వేలితో, ఎక్కడా గీసుకోకుండా, చివరి నుంచి చివరి దాకా కదలాలి.

లింకు తీశాక వాల్వు స్వేచ్ఛగా ఆడుతోందంటే దోషం గవర్నరు వైపు ఉన్నట్టు. అప్పుడు క్లచ్ వైపు కవరు విప్పి గోళీల మీద చదునుబారిన మచ్చలు, అవి దొర్లే పళ్లెం మీద గాళ్లు, స్ప్రింగు అలసట చూడవలసి ఉంటుంది.

విప్పే ముందు

కావలసిన సామాను ఎక్కువేమీ కాదు: 8, 10 మిల్లీమీటర్ల టీ-స్పానర్లు, అలెన్ కీలు, టార్క్ రెంచి, ఎగ్జాస్ట్ స్ప్రింగులు లాగే కొక్కెం, ఇత్తడి తీగల బ్రష్షు, నైలాన్ బ్రష్షు, వెదురు పుల్లలు, చొచ్చుకుపోయే నూనె (పెనిట్రేటింగ్ ఆయిల్), కార్బురేటర్ క్లీనరు, కిరోసిన్ లేదా డీజిల్, వీలైతే హీట్ గన్. వీటికంటే ముందు మీ మోడల్ సర్వీసు మాన్యువల్‌ను, కొత్త గాస్కెట్లను, ఓ-రింగులను సంపాదించుకోండి. పాత గాస్కెట్‌నే తిరిగి పెడదామనుకుంటే పని రెండుసార్లు చేయవలసి వస్తుంది.

బండిని కడిగి మొదలుపెట్టండి, లేకపోతే సిలిండరు రెక్కల్లో ఇరుక్కున్న ఇసుక మూత తీయగానే లోపలికి రాలుతుంది. పెట్రోలు కుళాయి కట్టి ట్యాంకు దించండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, వాల్వు విప్పడానికి సిలిండరు హెడ్డుగానీ సిలిండరుగానీ తీయవలసిన మోడలైతే కూలెంట్‌ను శుభ్రమైన పాత్రలోకి దింపండి. విప్పే ప్రతి దశలోనూ ఫోటో తీసుకోండి. ముఖ్యంగా డ్రమ్ములున్న ఇంజిన్‌లో కుడి డ్రమ్ము, ఎడమ డ్రమ్ము కవల పిల్లల్లా కనిపించినా ఒకదాని చోటిలో ఇంకొకటి పెట్టకూడదు. స్ప్రింగు బిగువు సర్దే మర ఉంటే, దాన్ని తీసే ముందు పూర్తిగా లోపలికి ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. ఈ ఒక్క అంకె మరిచిపోతే బండి స్వభావమే మారిపోతుంది.

పట్టు విడిపించడం

సిలిండరు ఇంజిన్ మీదే ఉండగా పని చేస్తున్నట్టయితే, ముందుగా ప్లగ్గు విప్పి, కిక్కును చేత్తో మెల్లగా నొక్కుతూ పిస్టన్‌ను పై చివరికి తీసుకురండి. అప్పుడు పిస్టన్ పక్కగోడ పోర్టును లోపలి నుంచి మూసేస్తుంది. పిస్టన్ కింద ఉండగా పోర్టులో గోకితే రాలిన కార్బన్ ముక్క ట్రాన్స్‌ఫర్ పోర్టుల (క్రాంకు కేసు నుంచి సిలిండరులోకి మిశ్రమం ఎక్కే దారుల) గుండా క్రాంకు కేసులోకి జారుతుంది. అక్కడి బేరింగులకు అది ఇసుకరేణువుతో సమానం. పోర్టులో కనిపించే పిస్టన్ గోడ మీద పలుచగా గ్రీజు పూస్తే రాలిన పొడి దానికే అంటుకుంటుంది, పని అయ్యాక గుడ్డతో తుడిచేయవచ్చు. కంప్రెసర్ గాలిని మాత్రం పోర్టులోకి కొట్టకండి.

తరువాత, పట్టు ఏ రకానిదో చూడండి. నల్లగా, తారులాగా జిగురుగా ఉంటే అది పూర్తిగా కాలని నూనె; కార్బురేటర్ క్లీనరుకు అరగంటలో కరుగుతుంది. గట్టిగా, బూడిద ఛాయలో, గోరు దిగకుండా ఉంటే అది వేడికి మాడి గట్టిపడిన బొగ్గు పొర. దానికి గంటలు పడుతుంది. బొగ్గూ జిగురూ రెండూ లేకుండా పట్టేసిందంటే ఇరుసు వంగి ఉండవచ్చు, పిన్ను అడ్డం తిరిగి ఉండవచ్చు, లేదా అంతకు ముందు విప్పినవారు తప్పుగా అమర్చి ఉండవచ్చు. ఈ మూడో రకానికి నూనెలు పోయడం వృథా, విప్పి చూడవలసిందే.

మొదటి రెండింటికీ వరుస ఇది. ఇరుసు సిలిండరులోకి దిగే రెండు చివర్లలోనూ, పోర్టు లోపలి నుంచి వాల్వు అంచుల చుట్టూ, చొచ్చుకుపోయే నూనెను కొద్దికొద్దిగా వదిలి పది నిమిషాలు ఆగండి. ఇరుసు చివర సరిపోయే స్పానరు పెట్టి, తిప్పాలన్న ఆశ లేకుండా, అటొకసారి ఇటొకసారి మెత్తగా నొక్కండి. కదలకపోతే మళ్లీ నూనె వేసి రాత్రంతా వదిలేయండి. మరునాడు కూడా మొండికేస్తే వేడి సాయం తీసుకోవాలి: అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కనుక, హీట్ గన్‌తో సిలిండరు బయటి భాగాన్ని సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాకా, ఒకే చోట నిలపకుండా తిప్పుతూ వేడి చేస్తే, ఉక్కు ఇరుసు చుట్టూ ఉన్న రంధ్రం కొద్దిగా తెరుచుకుంటుంది. వేడి చేసే ముందు నూనెలనూ క్లీనర్లనూ పూర్తిగా తుడిచి ఆరనివ్వండి, పెట్రోలు ట్యాంకును ఇంకో గదిలో పెట్టండి, మంట వచ్చే టార్చిని అసలు వాడకండి. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనరును ఈ పనికి దగ్గరికే రానివ్వవద్దు. దాని ఆవిరి బాగా వేడెక్కితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు.

వేడి మీద ఉండగానే మళ్లీ స్పానరు పెట్టి అటూ ఇటూ ఆడించినప్పుడు, ఎక్కడో ఒకచోట ఆవగింజంత కదలిక తెలుస్తుంది. వేలికి తెలిసేంత, కంటికి కనిపించనంత. సంతోషం పట్టలేక అక్కడే గట్టిగా తిప్పేసేవారే ఎక్కువ, పిన్నులు విరిగేదీ అక్కడే. ఆ ఆవగింజంత కదలికనే అటూ ఇటూ ఆడిస్తూ, చల్లారాక కొత్త నూనె చుక్కలు వేస్తూ, అది బియ్యపుగింజంత, ఆపైన చింతగింజంత అయ్యేదాకా ఓపిక పట్టండి. ఆడించిన కొద్దీ నల్లటి నూనె రంధ్రం అంచున ఊరుతూ వస్తుంది, దాన్ని తుడిచి మళ్లీ వేయండి. నల్లదనం తగ్గి నూనె రంగు కనిపించడం మొదలైతే పని దారిలో పడ్డట్టే.

జారే పలక రకమైతే పైనున్న మూత విప్పి, పలకకు పట్టున్న కాడను శ్రావణంతో కాక గుడ్డ చుట్టి చేత్తో పట్టుకుని లాగాలి. రాకపోతే పోర్టు వైపు నుంచి చెక్క ముక్క ఆనించి చిన్న సుత్తితో తట్టవచ్చు. పలక కింది అంచుకూ సిలిండరు గోడకూ మధ్య స్క్రూడ్రైవరు దూర్చడం మాత్రం వద్దు. సిలిండరు లోపలి గోడకు నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన పలుచని గట్టి పూత ఉంటుంది. పోర్టు అంచున ఆ పూత ఆవగింజంత ఊడినా పిస్టన్ రింగు అక్కడే తగులుతూ మిగతాది ఊడబెరుకుతుంది. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు సరిగ్గా ఇదే చేసి, అయిదు నిమిషాలు ఆదా చేసుకుని సిలిండరుకు కొత్త పూత వేయించుకున్నాను.

శుభ్రం చేయడం

విడిపించడంతో ఆగిపోయి, కదులుతోంది కదా అని మూత బిగించేయాలనిపిస్తుంది. అలా చేస్తే రెండు మూడు సవారీల్లో మళ్లీ మొదటికే వస్తుంది. వాల్వును పూర్తిగా బయటికి తీసి కడగాలి. కొన్ని ఇంజిన్లలో డ్రమ్ములు సిలిండరు విప్పితే తప్ప రావు. అలాంటప్పుడు క్రాంకు కేసు నోటిని శుభ్రమైన గుడ్డతో మూసి, పిస్టన్ రింగులూ చూసుకుంటే ఒకే ఖర్చుతో రెండు పనులవుతాయి.

రబ్బరు ఓ-రింగులనూ సీళ్లనూ ముందే ఊడదీయండి, క్లీనరులో అవి ఉబ్బిపోతాయి. లోహపు ముక్కలను కిరోసిన్‌లోగానీ డీజిల్‌లోగానీ రాత్రంతా నానబెట్టి, మెత్తబడిన జిడ్డును నైలాన్ బ్రష్షుతో, మిగిలిన గట్టి పొరను వెదురు పుల్లతో, అప్పటికీ పోనిదాన్ని ఇత్తడి బ్రష్షుతో తీయండి. ఉప్పు కాగితం వాడకండి. దానితో డ్రమ్ము తళతళలాడుతుంది నిజమే, కానీ దాని మందం తగ్గి రంధ్రంలో వదులవుతుంది, ఆ వదులులోకి ఇంకాస్త మసి చేరుతుంది. లోహం మీద గోధుమ రంగు మరక మిగిలితే మిగలనివ్వండి. తొలగించవలసినది పేరుకున్న మసి పొరను గానీ రంగును కాదు. వంటింటి పొయ్యిలు శుభ్రం చేసే కాస్టిక్ సోడా క్లీనరును ఈ పనికి సూచించేవారుంటారు. ఉక్కు ముక్కకు దానివల్ల ఇబ్బంది లేదు, అల్యూమినియాన్ని మాత్రం అది తినేస్తుంది, హైడ్రోజన్ బుడగలు కక్కుతూ కాసేపట్లోనే నున్నని తలాన్ని గరుకుగా మార్చేస్తుంది. ఏ ముక్క ఏ లోహమో ఖచ్చితంగా చెప్పలేకపోతే దాని జోలికి పోకండి.

సిలిండరులో వాల్వు తిరిగే రంధ్రాలను మరిచిపోవద్దు. క్లీనరులో తడిపిన గుడ్డను పురి పెట్టి రంధ్రంలోకి దూర్చి తిప్పితే మూలల్లో మసి వస్తుంది. జిడ్డు బయటికి పోయేందుకు చిన్న గొట్టం ఉన్న ఇంజిన్లలో ఆ గొట్టంలో సన్నని తీగ దూర్చి దారి తెరిచి ఉందో లేదో చూడండి.

కడిగిన తరువాత ప్రతి ముక్కనూ వెలుతురులో పట్టుకుని చూడండి. పలక కింది అంచున మెరిసే గీత ఉంటే అది పిస్టన్‌కు తగులుతోందని అర్థం. ఇరుసు మీద మెట్టులాగా అరుగుదల ఉన్నా, పిన్ను వదులైనా, గేరు పళ్లు మొనదేలినా ఆ ముక్కను మార్చడమే మేలు, ఎందుకంటే ఇక్కడ విరిగిన ముక్క ఏదైనా పోయే దారి సిలిండరులోకే.

తిరిగి అమర్చడం

కొత్త ఓ-రింగులు, సీళ్ల అంచులకు కొద్దిగా గ్రీజు రాసి, లోహం లోహాన్ని తాకే చోట్ల మాత్రం మీరు పెట్రోలులో కలిపే టూ-స్ట్రోక్ ఆయిల్‌నే పలుచగా పూయండి. వాల్వుకు గ్రీజు దట్టిస్తే అది పోర్టు వేడికి మాడి, మీరిప్పుడే తీసిన బొగ్గుగానే మారుతుంది. గేర్లతో కలిసే డ్రమ్ములకు గుర్తు చుక్కలుంటాయి; ఒక్క పన్ను తప్పినా ఒక డ్రమ్ము తెరుచుకున్నప్పుడు ఇంకొకటి సగంలో ఉంటుంది. లోపలి చిన్న మరలకు మాన్యువల్ చెప్పిన చోటల్లా థ్రెడ్ లాకర్ (మర వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) వేయండి. అల్యూమినియంలోకి దిగే 6 మిల్లీమీటర్ల బోల్టులకు సాధారణంగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి.

ఎగ్జాస్ట్ గొట్టం బిగించక ముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. వాల్వును పూర్తిగా మూసి ఉంచి, ప్లగ్గు తీసి, కిక్కును చేత్తో నెమ్మదిగా నొక్కుతూ ఇంజిన్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా లోహం తగిలిన అనుభూతి కలిగితే అక్కడే ఆపండి. పిస్టన్ సైజు పెంచినా, సిలిండరుకు కొత్త పూత వేయించినా, కింది గాస్కెట్ మందం మార్చినా ఈ పరీక్ష తప్పనిసరి. తరువాత వాల్వును పూర్తిగా తెరిచి, దాని అంచు పోర్టు పైకప్పుతో సమంగా ఉందో, కిందికి పొడుచుకు వచ్చి ఉందో టార్చి వేసి చూడండి. చివరగా లింకు కలిపి, సర్దుబాటు మరను రాసుకున్న చుట్ల దగ్గరే నిలిపి, మూతలు బిగించండి.

మసి ఎక్కడి నుంచి వస్తోంది

వాల్వు పట్టేయడం ఎక్కువగా వేరే దోషం వల్లే జరుగుతుంది, కాబట్టి కడగడం సగం పనే. జాబితాలో మొదటి పేరు కార్బురేటర్ ట్యూనింగ్. పెట్రోలు పాలు ఎక్కువైతే అది పూర్తిగా కాలదు, దానితో పాటు నూనె కూడా కాలదు; ఎగ్జాస్ట్ కీళ్ల దగ్గర నల్లగా కారేది ఆ మిశ్రమమే. పైలట్ జెట్టు (తక్కువ వేగంలో పెట్రోలు అందించేది), సూది క్లిప్పు (కార్బురేటర్ సూది ఎత్తును నిలిపేది) ఈ రెండూ ముందు సరిచేయండి. చాలామంది దీనికి విరుగుడుగా నూనె తగ్గిస్తారు, అది తప్పు వైద్యం. 40:1 పాళ్లంటే లీటరు పెట్రోలుకు 25 మిల్లీలీటర్ల నూనె. దాన్ని 60:1కి దించితే నూనె సుమారు 17 మిల్లీలీటర్లకు తగ్గుతుంది, అదే జెట్టు గుండా పోయే ద్రవంలో పెట్రోలు వాటా ఆ మేరకు పెరుగుతుంది. అంటే మిశ్రమం రవ్వంత మరింత పెట్రోలు వైపే మొగ్గింది, బేరింగులకు నూనె మాత్రం తగ్గింది. తయారీదారు చెప్పిన పాళ్లకే కట్టుబడి, నూనె నాణ్యత చూసుకోండి. జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) అన్న గుర్తు కింద ఎఫ్‌డీ అని ఉన్న నూనె ఎఫ్‌బీ, ఎఫ్‌సీ రకాలకంటే లోపలి భాగాలను శుభ్రంగా ఉంచుతుంది. ఆముదం ఆధారంగా చేసిన రేసింగు నూనెలు వేడికి బాగా నిలుస్తాయి గానీ, నెమ్మదిగా నడిపే బండిలో బంకలాంటి పూత వదులుతాయి.

ట్యూనింగ్ సరిగా ఉన్నా నల్లటి నూనె కారుతూనే ఉంటే గేరుబాక్సు వైపు క్రాంకు సీలును అనుమానించండి. అది పోయినప్పుడు ఇంజిన్ గేరు ఆయిల్‌ను పీల్చుకుంటుంది: తెల్లటి పొగ ఆగదు, గేరు ఆయిల్ మట్టం కారణం లేకుండా తగ్గుతుంది, ప్లగ్గు తడిగా వస్తుంది. సందేహం తీరాలంటే ఇన్లెట్, ఎగ్జాస్ట్ దారులు మూసి సుమారు 6 పీఎస్‌ఐ గాలి ఎక్కించి అయిదారు నిమిషాలు నిలుస్తుందో లేదో చూడాలి. ఇక్కడ ఒక తికమక ఉంది. వాల్వు కడిగిన తరువాత మొదటి సవారీల్లో కూడా కొంత నల్లటి జిడ్డు కారుతుంది; అది గొట్టంలోనూ సైలెన్సర్ దూదిలోనూ ఇంకిన పాత నూనె. దాన్ని చూసి కంగారుపడి జెట్లు మార్చేయకుండా, తుడుస్తూ రెండు సవారీలు ఆగి అప్పుడు తీర్పు చెప్పండి.

నా అలవాటు ప్రకారం పదిహేను గంటల సవారీకొకసారి పక్క మూత తీసి ఇరుసును వేలితో ఆడించి చూస్తాను, నలభై గంటలకొకసారి వాల్వు విప్పి కడుగుతాను. మందగమనపు కొండదారుల్లో ఎక్కువగా తిరిగే బండికి ఈ గడువు సగానికి తగ్గించవలసి రావచ్చు, ఎందుకంటే తక్కువ వేగంలో వాల్వు అసలు కదలకుండా ఒకే చోట కూర్చుని మసిలో కూరుకుపోతుంది. అలాంటి సవారీ ముగిసేముందు, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే, ఖాళీ దారి చూసి రెండు మూడు సార్లు పై గేరుల్లో పూర్తి వేగానికి లాగండి. బండిని నెలల తరబడి నిలిపేటట్టయితే ఆఖరిసారి ఇలా లాగిన తరువాతే ఆపి, చల్లారాక పక్క మూత తీసి ఇరుసు చివర రెండు చుక్కల టూ-స్ట్రోక్ ఆయిల్ వేసి, చేత్తో ఒకసారి చివరి దాకా తిప్పి, మూత బిగించి పెట్టండి.